పెద్ద రివాల్వర్ రీకాయిల్ (వెనక్కి తన్నే దెబ్బ) తగ్గాలంటే: గ్రిప్, గ్లవ్స్ ఎలా ఎంచుకోవాలి

షూటింగ్ రేంజ్‌లో .44 మాగ్నమ్ లాంటి బలమైన రివాల్వర్ కాల్చి, చెయ్యి విదిలించుకుంటూ బయటికొచ్చిన వాళ్లలో చాలామంది మొదట అడిగేది "మంచి గ్లవ్స్ ఏవండీ?" అని. గ్లవ్స్ పనికొస్తాయి, కాదనను. కానీ వరసలో అవి ఆఖరు. ముందు తుపాకీ బరువు, తర్వాత తూటా, ఆ తర్వాత గ్రిప్ (పిడికి తొడిగేది), అప్పుడు గ్లవ్స్. ఈ వరస తిరగేస్తే డబ్బు దండగ అవుతుంది, నొప్పి మాత్రం ఎక్కడికీ పోదు.

ఇది అమెరికాలో ఉంటూ, చట్టప్రకారం తుపాకీ పట్టుకునే అర్హత ఉన్న మనవాళ్ల కోసం. అర్హత మాట ఊరికే అనడం లేదు. హెచ్1బీ, ఎఫ్1, బీ2 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజ్‌లో గంటసేపు అద్దెకు తీసుకుని కాల్చినా అదే లెక్క. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉంటే మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. ఇండియా నుంచి బావమరిది వచ్చాడు, సరదాగా రేంజ్‌కి తీసుకెళ్దాం అనుకునేవాళ్లు ముందు ఈ సంగతి తేల్చుకోండి.

ముందు బరువు, తూటా సంగతి

ఒకే తూటాని రెండు తుపాకుల్లో కాల్చినప్పుడు, బరువు సగం ఉన్న తుపాకీ రెట్టింపు రీకాయిల్ శక్తితో వెనక్కి వస్తుంది. ఇది అభిప్రాయం కాదు, భౌతిక శాస్త్రం. స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 29 ఆరున్నర అంగుళాల బ్యారెల్‌తో సుమారు 1.36 కిలోలుంటుంది. అదే కంపెనీ 329 పీడీ కూడా .44 మాగ్నమే, కానీ స్కాండియం కలిపిన ఫ్రేమ్ (తుపాకీ చట్రం), టైటానియం సిలిండర్ (తూటాలు పెట్టే, తిరిగే భాగం) వల్ల 700 గ్రాములు దాటి కొంచెమే. గుండు బరువు 240 గ్రెయిన్లుండే మామూలు మాగ్నమ్ తూటాకి మొదటిదాంట్లో రీకాయిల్ 27 జూల్స్ చుట్టుపక్కల వస్తుంటే, రెండోదాంట్లో 50 దాటుతుంది. ఎలుగుబంట్లు తిరిగే అలాస్కాలో రోజంతా నడుముకి కట్టుకుని తిరిగేవాడికి ఆ తేలిక ఒక వరం. రేంజ్‌లో డబ్బాడు తూటాలు కాల్చేవాడికి మాత్రం శిక్ష.

తేలిక తుపాకీతో ఇంకో తలనొప్పి కూడా ఉంది. సిలిండర్‌లో ఇంకా పేలని తూటాల్లోని గుండ్లు ఆ కుదుపుకి కేసుల్లోంచి (వాటిని పట్టి ఉంచే లోహపు గొట్టాల్లోంచి) ముందుకు జరుగుతాయి. బాగా జరిగితే సిలిండర్ తిరగకుండా పట్టేస్తుంది. దీనికి గ్రిప్ మార్చినా, గ్లవ్స్ వేసినా ఉపయోగం లేదు. గట్టిగా క్రింప్ చేసిన, అంటే కేసు మూతిని గుండు చుట్టూ నొక్కి బిగించిన తూటాలు వాడాలి, లేదా తక్కువ పవర్‌వి వాడాలి.

తక్కువ పవర్ తూటా అంటే ఏదో రాజీపడటం అనుకోకండి. .44 మాగ్నమ్ రివాల్వర్‌లో .44 స్పెషల్ పడుతుంది, .357లో .38 స్పెషల్, .454 కాసుల్‌లో .45 కోల్ట్ పడతాయి. పైన చెప్పిన మోడల్ 29లోనే మెత్తని .44 స్పెషల్ కాలిస్తే రీకాయిల్ శక్తి దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. ప్రపంచంలో ఏ గ్రిప్పూ అంత తగ్గించలేదు. కాకపోతే ఒక్క జాగ్రత్త. స్పెషల్ కేసు పొట్టిది కాబట్టి ఛాంబర్‌లో (సిలిండర్‌లో తూటా కూర్చునే రంధ్రంలో) దాని మూతి దగ్గర మసి ఉంగరంలా పేరుకుంటుంది. తర్వాత మాగ్నమ్ వేస్తే బిగుసుకుంటుంది, కాల్చాక కేసు ఊడిరాదు. మాగ్నమ్‌కి మారేముందు ఛాంబర్లు బ్రష్‌తో తోమండి.

చెయ్యి ఎక్కడ నొప్పెడుతోంది?

గ్రిప్ కొనే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. "చెయ్యంతా నొప్పి" అంటే ఏ గ్రిప్ కొనాలో ఎవరూ చెప్పలేరు. ఒక అయిదారు తూటాలు కాల్చాక వెలుతుర్లో చెయ్యి చూసుకోండి. ఎర్రబడిన చోటే మీకు కావలసిన గ్రిప్ ఏదో చెబుతుంది.

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం కమిలితే, పిడి వెనక భాగం సన్నగా ఉండి అదొక్కచోటే పొడుస్తోందన్నమాట. ఈ వెనక భాగాన్ని బ్యాక్‌స్ట్రాప్ అంటారు. చాలా రివాల్వర్లలో అది ఉత్త ఇనుము, దాని మీద ఏ కప్పూ ఉండదు. చెక్క పలకలు రెండు పక్కలా ఉంటాయి గానీ, చేతికి దెబ్బ తగిలేచోట మాత్రం లోహమే.

బొటనవేలి మొదటి కీలు, అంటే అరచేతిలోంచి వేలు మొదలయ్యేచోట ఎముక నొప్పెడితే సంగతి వేరు. తుపాకీ మీ ముంజేతికి సూటిగా లేదు. గ్రిప్ మీ చేతికి లావై, ట్రిగ్గర్ అందక, మీరు చేతిని పక్కకి తిప్పి పట్టుకుంటున్నారు. దాంతో దెబ్బ కండ మీద పడకుండా కీలు మీద పడుతోంది. ఇలాంటివాళ్లు మెత్తగా ఉంటుందని ఇంకా లావాటి రబ్బరు గ్రిప్ కొంటే చెయ్యి ఇంకాస్త పక్కకి తిరుగుతుంది, నొప్పి పెరుగుతుంది. షాపుల్లో దొరికే గ్రిప్పులు ఎక్కువగా పెద్ద చేతులకి తగ్గట్టు ఉంటాయి కాబట్టి చిన్న చేతులవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఇది గమనించుకోవాలి. ఈ నొప్పిని అశ్రద్ధ చేయకండి. చర్మం రెండు రోజుల్లో మానుతుంది, కీలు మానదు.

మధ్యవేలి కణుపు వాస్తే ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే లోహపు కమ్మి) వెనక అంచు కొడుతోంది. పెద్ద ఫ్రేమ్ స్మిత్ రివాల్వర్లలో ఇది మామూలే. 1959లో వచ్చిన రూగర్ సూపర్ బ్లాక్‌హాక్ పాత మోడళ్లలో ట్రిగ్గర్ గార్డ్ వెనకవైపు పలకగా ఉండేది. వాటిని వాడినవాళ్లని అడగండి, ఆ కణుపు కథ చెబుతారు.

ఇక అరచేతిలో గీతలు పడి చర్మం రేగితే, చెక్క మీద చెక్కిన పదునైన గళ్లే కారణం. గళ్లు లేని నున్నటి చెక్క గ్రిప్ పెట్టుకుంటే సరిపోతుంది.

గ్రిప్ కొనేటప్పుడు

మీ ఫ్రేమ్ ఏదో తెలుసుకోవడంతో మొదలు. స్మిత్ అండ్ వెస్సన్‌లో జె, కె, ఎల్, ఎన్, ఎక్స్ అని సైజులు. అందులో మళ్లీ పిడి అడుగు గుండ్రంగా ఉండే రౌండ్ బట్, పలకగా ఉండే స్క్వేర్ బట్ రకాలు. పాత మోడల్ 29లు స్క్వేర్ బట్. రౌండ్ బట్‌కి చేసిన గ్రిప్ దానికి ఎక్కదు. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి, రాగానే తిప్పి పంపే గ్రిప్పులన్నీ ఇక్కడ తేడా కొట్టినవే. రూగర్, టారస్‌ల కథ వేరు, వాటివి వాటికే.

వెనక కప్పు ఉన్నదా, లేనిదా? అసలు నిర్ణయం ఇది. బ్యాక్‌స్ట్రాప్‌ని పూర్తిగా కప్పే రబ్బరు గ్రిప్ చర్మం మీద దెబ్బని బాగా తగ్గిస్తుంది. హోగ్ కంపెనీ టేమర్ రకంలో వెనకవైపు రబ్బరు లోపల సోర్బోథేన్ అనే మెత్తని పదార్థం పెడతారు. ప్యాక్‌మైర్ డిసెలరేటర్ కూడా మెత్తని రబ్బరే. కానీ వెనక ఎంత మందం చేరితే ట్రిగ్గర్ అంత దూరం జరుగుతుంది. వేళ్లు పొడుగున్నవాళ్లకి ఇబ్బంది లేదు. పొట్టి వేళ్లవాళ్లు వెనక తెరిచి ఉండి, ట్రిగ్గర్ గార్డ్ వెనక సందుని నింపే రకం చూసుకోవాలి. ప్యాక్‌మైర్ గ్రిప్పర్‌లో అలాంటివి దొరుకుతాయి. పాత చెక్క పలకలే ఇష్టమైతే ఆ సందులో బిగించే టైలర్ టీ గ్రిప్ అనే చిన్న లోహపు ముక్క చాలు, కణుపు నొప్పి పోతుంది. వెనక చర్మానికి కావలసిన మెత్తదనం అప్పుడు గ్లవ్స్‌లోంచి తెచ్చుకోవచ్చు. గ్రిప్‌నీ గ్లవ్స్‌నీ కలిపే ఆలోచించాలనేది ఇందుకే.

కొలత ఇలా చూడండి. తుపాకీ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, తూటాలు వేరే గదిలో పెట్టి, గోడవైపు కాకుండా అవతల మనుషులు ఉండని దిక్కుకి తిప్పి పట్టుకోండి. బ్యారెల్, మణికట్టు, ముంజెయ్యి పైనుంచి చూస్తే ఒకే గీతలో ఉండాలి. ఆ గీత చెడకుండా చూపుడువేలి మొదటి మెత్త ట్రిగ్గర్ మీద ఆనుతోందా? డబుల్ యాక్షన్‌లో (ట్రిగ్గర్ ఒక్క నొక్కుకే హ్యామర్, అంటే సుత్తి, లేచి పడే పద్ధతిలో) మొదటి గణుపు మడత దాకా వచ్చినా మంచిదే. గోరు చివర మాత్రమే తగులుతుంటే ఆ గ్రిప్ మీకు లావు. వేలు ఆవలికి పొడుచుకొస్తుంటే సన్నం.

వెడల్పు విషయంలో నా మొగ్గు కొంచెం వెడల్పు వైపే, ట్రిగ్గర్ అందినంత వరకు. దెబ్బ ఎక్కువ చర్మం మీద పరుచుకుంటుంది. వేళ్ల గాడులున్న గ్రిప్పులు చేతికి కుదిరితే అద్భుతం. కుదరకపోతే గాడుల మధ్య గట్లు సరిగ్గా వేళ్ల కింద పడి ప్రతి తూటాకీ నొక్కుతాయి. ఆన్‌లైన్‌లో కొనేటట్టయితే గాడులు లేనిదే తీసుకోండి.

329 పీడీ వాడేవాళ్లలో ఒక చిట్కా బాగా నడుస్తుంది. కంపెనీ తన భారీ .500 మాగ్నమ్ రివాల్వర్ కోసం చేయించిన ఎక్స్ ఫ్రేమ్ రబ్బరు గ్రిప్ రౌండ్ బట్ ఉన్న ఎన్ ఫ్రేమ్‌కి కూడా ఎక్కుతుంది. దానికి వెనక కప్పు ఉంటుంది. అది పెట్టాక .44 ముద్దు చేస్తుందని కాదు గానీ, ఇదివరకు ఒక తూటాకే ఆపేసినవాళ్లు సిలిండర్ ఖాళీ చేయగలుగుతారు. చూడటానికి అందంగా ఉండదు, జేబులో పట్టదు. రబ్బరు గ్రిప్ ఎక్కువగా యాభై డాలర్ల లోపే వస్తుంది కాబట్టి ప్రయత్నించడానికి పెద్ద టెన్షన్ అక్కర్లేదు.

సింగిల్ యాక్షన్ రివాల్వర్లకి, అంటే ప్రతిసారీ హ్యామర్‌ని చేత్తో లాగాల్సిన కౌబాయ్ తరహా వాటికి, ఈ సూత్రాలన్నీ అంతగా వర్తించవు. వాటి పిడి కాల్చినప్పుడు అరచేతిలో పైకి దొర్లేలా వంచి చేసింది. నాగలి మేడి పట్టులాంటి వంపు అది. నున్నటి చెక్క అయితే దొర్లుతూ దెబ్బని కొంచెం కొంచెంగా దించుతుంది. దానికి జిగురు రబ్బరు పెడితే దొర్లకుండా చర్మాన్ని పట్టి లాగుతుంది. .454 లాంటి బాగా బరువైన తూటాలకైతే రూగర్ బిస్లీ పిడి నయం. అది కొంచెం నిటారుగా ఉండి, తక్కువ దొర్లి, నేరుగా అరచేతిలోకి తోస్తుంది.

పిస్టల్స్‌లో, అంటే సిలిండర్ లేకుండా మ్యాగజైన్‌తో నడిచేవాటిలో, మనం మార్చగలిగేది తక్కువ. 10 ఎంఎం గ్లాక్ లాంటివాటికి పెట్టెలోనే వేరే మందాల బ్యాక్‌స్ట్రాప్‌లు ఇస్తారు. వాటితో కొలత సరిచేసుకోండి, కావాలంటే పైన పల్చని రబ్బరు తొడుగు వేసుకోండి. అంతకన్నా లేదు.

బిగించేటప్పుడు

పాత గ్రిప్‌ని స్క్రూడ్రైవర్‌తో ఎత్తి పీకకండి, చెక్క పెచ్చు లేస్తుంది. స్క్రూ సగం వదులు చేసి దాని తల మీద మెల్లగా తడితే అవతలి పలక దానంతటదే లేస్తుంది. హోగ్ ఒకే ముక్క గ్రిప్ అయితే ఫ్రేమ్ అడుగున ఉన్న పిన్నుకి ఒక చిన్న లోహపు కొక్కెం తగిలించి, గ్రిప్‌ని కిందనుంచి ఎక్కించి, అడుగున స్క్రూ బిగించాలి. మొదటిసారి బిగువుగా ఉంటుంది. రెండు చుక్కలు సబ్బు నీళ్లు చాలు, నూనె రాయకండి. స్క్రూ మరీ బిగిస్తే లోపల మర పాడవుతుంది.

బిగించాక సిలిండర్ తెరిచి, ఖాళీ కేసులు వేసి బయటికి తోసి చూడండి. ఎడమవైపు గ్రిప్ పైన మందంగా ఉంటే కేసులు దానికి తగిలి ఆగిపోతాయి, స్పీడ్ లోడర్ (తూటాలన్నీ ఒకేసారి నింపే సాధనం) కూడా లోపలికి పోదు. బజార్లో చాలా గ్రిప్పులకి అక్కడ పల్లంగా కోసి ఉంటుంది, కొన్నిటికి ఉండదు.

గ్లవ్స్

ఇంట్లో ఉన్న సైకిల్ గ్లవ్స్‌తో, జిమ్ గ్లవ్స్‌తో సరిపెడదాం అనుకుంటారు. సైకిల్ గ్లవ్స్‌కి మెత్త ఎక్కడుందో చూడండి. చిటికెనవేలి వైపు, అరచేతి అడుగున. హ్యాండిల్ మీద బరువు పడేది అక్కడ. రివాల్వర్ కొట్టేది దానికి ఎదురు వైపు, బొటనవేలి పీటలో. ఉన్నచోట మెత్త అక్కర్లేదు, కావలసినచోట లేదు. పైగా అక్కర్లేని ఆ మెత్త పిడిని లావు చేస్తుంది.

మీకు కావలసింది బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, బొటనవేలి మొదట్లో మెత్త ఉండి, మిగతా అరచెయ్యంతా పల్చటి తోలుతో ఉండేది. వేళ్ల చివర్లు తెరిచి ఉంటే మేలు, చూపుడువేలికైతే తప్పనిసరి. ట్రిగ్గర్ మీద గుడ్డ ఉంటే ఎంత నొక్కామో తెలియదు, ట్రిగ్గర్ పూర్తిగా ముందుకి రాకుండా అడ్డం కూడా పడొచ్చు. మెత్త లోపల జెల్ అయినా సోర్బోథేన్ అయినా మూడు నాలుగు మిల్లీమీటర్లు చాలు. స్పాంజి మాత్రం వద్దు. వేలితో నొక్కితే వెంటనే అడుగు తగిలే స్పాంజి, .44కి కూడా అలాగే అడుగంటుతుంది.

సైజు బిగువుగా ఉండాలి. గ్లవ్ వేసుకుని పిడికిలి బిగించండి. అరచేతిలో తోలు ముడత పడితే ఆ ముడత దగ్గరే బొబ్బ లేస్తుంది. ఇంకో సైజు తక్కువ చూడండి. బొటనవేలి సందులో వదులు గుడ్డ అసలు ఉండకూడదు. బయటికి హ్యామర్ ఉన్న రివాల్వర్‌లో అది హ్యామర్ కింద ఇరుక్కుంటుంది, పిస్టల్‌లో స్లైడ్ (కాల్చినప్పుడు వెనక్కి జరిగే పైభాగం) పట్టుకుంటుంది.

మెత్త అక్కర్లేక, చెమటకి జారడమే మీ సమస్య అయితే బేస్‌బాల్ ఆటగాళ్ల బ్యాటింగ్ గ్లవ్స్ భేషుగ్గా పనిచేస్తాయి. పల్చన, పట్టు బాగుంటుంది, ఏ స్పోర్ట్స్ షాపులోనైనా దొరుకుతాయి. చూపుడువేలి చివర మాత్రం కత్తిరించుకోండి. టెక్సస్ ఎండాకాలంలో బయటి రేంజ్‌కి వెళ్లేవాళ్లకి నేను ముందు చెప్పేది ఇవే.

గ్లవ్ వేసుకున్నాక ఇందాకటి కొలత మళ్లీ చూసుకోవాలి. మెత్త మూడు మిల్లీమీటర్లుంటే ట్రిగ్గర్ కూడా అంత దూరం జరిగినట్టే. వట్టి చేతికి సరిగ్గా సరిపోయే వెనక కప్పు గ్రిప్, గ్లవ్‌తో లావైపోవచ్చు. అందుకే రెండింటిలో ఒకటి మందంగా ఉంటే రెండోది పల్చగా ఉండాలి.

గ్లవ్ ఆపలేనిది ఒకటుంది. రివాల్వర్ సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సన్నని సందులోంచి మంటా వాయువూ పక్కలకి చిమ్ముతాయి. .460, .500 మాగ్నమ్‌లలో అక్కడ వేలు ఉంటే తోలు గ్లవ్‌తో సహా తెగుతుంది. పిస్టల్‌కి అలవాటుపడి బొటనవేళ్లు రెండూ ముందుకి చాపేవాళ్లు రివాల్వర్ పట్టుకున్నప్పుడు వాటిని వెనక్కి మడిచి ఒకదానిమీద ఒకటి పెట్టుకోవాలి.

రేంజ్‌లో పరీక్ష

కళ్లకి అద్దాలు, చెవులకి ప్లగ్గులు పెట్టి వాటి మీద మఫ్స్. శబ్దానికి ఉలిక్కిపడటాన్ని చాలామంది రీకాయిల్ అనుకుంటారు. చెవులు బాగా మూస్తే సగం రీకాయిల్ మాయమైనట్టుంటుంది.

తుపాకీ కొత్తదైనా, మనిషి కొత్తవాడైనా మొదట సిలిండర్‌లో ఒక్క తూటా మాత్రమే. పెద్ద రివాల్వర్ పైకి ఎగిరినప్పుడు, పట్టు కోసం చెయ్యి బిగుసుకుని ట్రిగ్గర్ మళ్లీ నొక్కుకుపోతుంది. అప్పటికి మూతి ఆకాశం వైపో, కాల్చేవాడి నుదుటి వైపో ఉంటుంది. ఫ్రెండ్ చేతికి ఫుల్ సిలిండర్ .500 ఇచ్చి, ఎలా అదిరిపోతాడో వీడియో తీద్దామనుకోవడం వేళాకోళం కాదు, ప్రాణాలతో చెలగాటం.

పిడిని వీలైనంత పైన పట్టుకోండి, కానీ రివాల్వర్ వెనక గూనిలా ఉన్న భాగం మీదికి చర్మం ఎక్కకూడదు. రెండు చేతులూ వాడండి, మోచేతులు కొంచెం వంచండి. దెబ్బకి భయపడి వదులుగా పట్టుకుంటే తుపాకీ కాస్త దూరం పరుగెత్తుకొచ్చి మరీ కొడుతుంది.

స్పెషల్ తూటాలతో మొదలుపెట్టి, అలవాటయ్యాక మాగ్నమ్‌కి వెళ్లండి. మధ్యమధ్యలో గ్లవ్ తీసి చెయ్యి చూసుకోండి. ఎరుపు పాత చోటు నుంచి పోయి కొత్త చోట కనిపిస్తే గ్రిప్‌లోనే ఏదో తేడా ఉందని అర్థం, ఇంకో జత గ్లవ్స్ కొనకండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కితే ఆ రోజుకి కాల్చడం ఆపేయండి. మణికట్టులో నరం నలుగుతోందన్నమాట. మర్నాటికీ తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకోండి.

ఇంటికొచ్చాక గ్రిప్ స్క్రూ ఒకసారి చూడండి, కొత్త గ్రిప్ మొదట్లో తప్పకుండా కొంచెం వదులవుతుంది. తుపాకీ తుడిచే సాల్వెంట్ రబ్బరు మీద పడితే అది ఉబ్బి సాగిపోతుంది, కాబట్టి గట్టిగా శుభ్రం చేసేరోజు గ్రిప్ విప్పేయడం మంచిది. గ్లవ్స్‌కి సీసం పొడి అంటి ఉంటుంది. వాటిని ఒక జిప్ కవర్లో పెట్టి రేంజ్ బ్యాగ్‌లోనే ఉంచండి. పిల్లల బట్టలతో కలిపి వాషింగ్ మెషిన్‌లో వేయకండి. అన్నానికి కూర్చునే ముందు చేతులు చల్లటి నీళ్లతో, సబ్బుతో కడుక్కోండి.